చదవకుండా దాటేసిన ఏడు వరుసలు

నేను చదివింది ఐదో తరగతి. కంప్యూటర్లో ఫైళ్ళను దాచే ప్రోగ్రాము ఒకటుంది. దానికి ఎవరైనా మార్పు రాస్తే, అది లోపలికి పోవచ్చా, పోకూడదా అని చూడడం నా పని. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెడితే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీ. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు వింటే చాలు.

చదవడం వచ్చు గానీ రాయడం నాకు చేతకాదు. నేను చెబుతుంటే హేమలత రాస్తోంది. హేమలతది మా నెల్లూరు వైపు చిట్టమూరు, చెన్నైలో మా కంపెనీలోనే ప్రోగ్రాములు రాస్తుంది. నా గొంతు బొంగురుపోయింది, మాట మధ్యలో తెగుతుంది. తెగినచోట ఆమే అతికిస్తోంది. ఇందులో ఆమె చేసిన తప్పు కూడా ఒకటి వస్తుంది. పేరు తీసేద్దామా అంటే, "నా పేరు పెట్టే చెప్పక్కా, లేకుంటే రాయను," అంది. అందుకని పెట్టే చెబుతున్నాను.

జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు సన్మానం చేశారు అన్నవి ఇందులో ఉండవు. ఈ పనిలో మొదటి రోజు నుంచి ఇవాళ్టి దాకా నాతో ఉన్నది భయం. దాని గురించే చెబుతాను.

మిషను తడబడదు

మాది నెల్లూరు జిల్లా తోటపల్లి గూడూరు మండలంలో సముద్రం వైపు పల్లె. ఇంటికి మూడు వైపులా రొయ్యల గుంటలు. పగలంతా గుంటల్లో నీళ్ళకు గాలి కొట్టే చక్రాలు తిరుగుతూనే ఉంటాయి. ఆ చప్పుడు ఆగిందంటే కరెంటు పోయిందని అర్థం.

మా ఆయన శామ్యూలు ఇంజనీరింగ్ చదివి చెన్నై కంపెనీలో చేరాడు. ఆస్పత్రులకీ స్కానింగ్ సెంటర్లకీ ఫైళ్ళు దాచే పెట్టెలు అమ్మే కంపెనీ అది. పెట్టె కంపెనీదే గానీ లోపల నడిచే ప్రోగ్రాము ఒక్కరిది కాదు. దేశదేశాల వాళ్ళు కలిసి రాసేది, అందరికీ తెరిచి పెట్టింది. ఎవరు ఏ మార్పు రాసినా దాన్ని ఉత్తరంలా అందరికీ పంపాలి. తెలిసినవాడు ఎవడో చదివి, 'చూశాను' అని కింద పేరు పెట్టాలి. అప్పుడే అది లోపలికి పోతుంది. ఆ పేరు ఆ మార్పుతోపాటు ఎప్పటికీ ఉంటుంది. చెరపడానికి లేదు. శామ్యూలు ఆ 'చూశాను' చెప్పే మనిషి.

షుగరు ఆయన కళ్ళు తినేసింది. నలభై నిండకముందే చూపు పోయింది. చెన్నైలో ఇల్లు ఖాళీ చేసి పల్లెకు వచ్చేశాం. తెర మీద ఉన్నది పైకి చదివే మిషను గొంతు ఒకటి కంపెనీవాళ్ళు పెట్టించారు. పదిరోజులు విన్నాడు. పదకొండో రోజు చెవిలో పెట్టుకున్నది తీసి బల్ల మీద కొట్టాడు.

"ఈ మిషను తడబడదుమే. తప్పునీ ఒప్పునీ ఒకే రాగంలో చదువుతాది. నువ్వు చదువు."

"నాకు ఇంగ్లీషు యాడొచ్చయ్యా? ఒక్కో అక్షరం కూడబలుక్కుంటా ఉంటే నీకు ముసలితనం వచ్చేస్తాది."

"కూడబలుక్కో. నాకు అదే కావాల."

అలా మొదలైంది. మొదటి నెలలో రోజుకు ఒక పేజీ దాటేదాన్ని కాదు. బ్రాకెట్టు తెరిచాడు, బ్రాకెట్టు మూశాడు, చుక్క, గీత, అన్నీ పైకి చెప్పాలి. అర్థం తెలియదు. అర్థం తెలియకపోయినా నాలుకకు దారి అలవాటవుతుంది. కీర్తనల పుస్తకంలో వరుస తప్పు అచ్చయితే, రాగం తెలిసిన నోరు అక్కడ తట్టుకుంటుంది చూడండి, అలాగే. నేను తట్టుకున్నచోటల్లా శామ్యూలు చెయ్యెత్తేవాడు. "ఆగు. మళ్ళా చదువు." పదిసార్లు తట్టుకుంటే ఎనిమిదిసార్లు నా చదువు తక్కువ వల్ల. రెండుసార్లు రాసినవాడి తప్పు వల్ల. ఆ రెండింటికోసమే ఆయన ఎనిమిదిసార్లూ ఆగేవాడు.

ఇక్కణ్ణించి ఇన్ని

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఇంజనీరింగ్ పుస్తకాల్లో చెప్పేది నేను చెప్పలేను. నాకు కంప్యూటరు రాదు. ఆ ప్రోగ్రాము రాసి ఉన్న ఫైళ్ళలో నాలుగు వచ్చు. ఆ నాలుగూ నాకు ఎలా అర్థమయ్యాయో అలాగే చెబుతాను.

మామూలు ప్రోగ్రాము ఫైలును మార్చాలంటే పాతది చెరిపి అక్కడే కొత్తది రాస్తుంది. సగంలో కరెంటు పోతే పాతదీ లేదు, కొత్తదీ లేదు. మా ప్రోగ్రాము అలా చెయ్యదు. కొత్తది వేరే ఖాళీ చోట రాసి, అంతా అయ్యాక, 'ఇకమీదట అక్కడ చూడు' అని చిరునామా మారుస్తుంది. దీన్నే కాపీ ఆన్ రైట్ అంటారు. ఇందులో ఇంకో లాభం ఉంది. నిన్నటి రూపాన్ని దాచుకోవాలంటే మళ్ళీ మొత్తం రాసుకోనక్కర్లేదు. నిన్నటి ఫైలూ ఇవాళ్టి ఫైలూ ఒకే చోటును పంచుకుంటాయి. ఆ చోటును ఎంతమంది పట్టుకుని ఉన్నారో పక్కన ఒక అంకె ఉంటుంది. ఒకరు వదిలేస్తే అంకె ఒకటి తగ్గుతుంది. సున్నా అయితే చోటు ఖాళీ అయినట్టు, దాని మీద వేరేవాళ్ళది రాసుకోవచ్చు.

భయమంతా ఆ అంకె దగ్గరే. అది ఉండాల్సినదానికంటే ఒకటి ఎక్కువైతే కాస్త చోటు వృథా, అంతే. ఒకటి తక్కువైతే, ఇంకా ఒకరు వాడుకుంటున్న చోటును ఖాళీ అనుకుని దాని మీద వేరేది రాసేస్తుంది. చప్పుడుండదు. ఎర్రదీపం వెలగదు. ఆరునెలల తర్వాత ఎవరో పాత ఫైలు తెరిస్తే అందులో ఇంకెవరిదో ఉంటుంది.

ఆ చోట్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టరు. వరుసగా ఉన్నవాటిని ఒకే గుత్తిగా పట్టుకుని, 'ఇక్కణ్ణించి ఇన్ని' అని రాసుకుంటారు. దానిపేరు ఎక్స్‌టెంట్. శామ్యూలు ఇది చెప్పినరోజు నాకు నవ్వొచ్చింది. పెళ్ళికాకముందు నేను నాట్లకు పోయినదాన్ని. మా వైపు వరిమడిని కయ్య అంటాం. మేస్త్రి వచ్చి, 'మూడో కయ్య నుంచి ఏడు కయ్యలు మీ గుంపుకి' అనేవాడు. మూడు నుంచి ఏడంటే తొమ్మిదితో సరి. పదోది పక్కగుంపుది. పట్నంనుంచి వచ్చినవాళ్ళు మూడూ ఏడూ పది అని పదో కయ్యలో దిగేవాళ్ళు. పక్కగుంపు ఆడవాళ్ళు నారుకట్టలు విసిరి కొట్టేవాళ్ళు.

ఏడాది తర్వాత ఒకరోజు చదువుతూ ఆగాను.

"ఏందిమే, తట్టుకున్నావా?"

"తట్టుకోలా. వీడు పదో కయ్యలో కాలు పెడతన్నాడయ్యా."

"ఏ కయ్య?"

"మొదలు చెప్పినాడు, ఎన్నో చెప్పినాడు. రెండూ కూడినాడు. ఆ కూడింది మనది కాదు, అవతలోళ్ళది. దాన్ని కూడా కలిపి వదిలేస్తన్నాడు."

శామ్యూలు మళ్ళీ చదివించుకున్నాడు. తర్వాత దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఆ మార్పు రాసింది దూరదేశంలో ఎవరో పెద్దాయన, ఈ పనిలో నా వయసంత అనుభవం ఉన్నవాడు. తప్పు ఒప్పుకుని సరిచేసి పంపాడు. శామ్యూలు సంబరపడ్డాడు. నాకు మాత్రం ఆ పూట అన్నం దిగలేదు. పెద్దాయన చూసుకోలేదు, పరీక్షలన్నీ నడిపినా బయటపడలేదు, నాట్లేసిన మనిషి ఒకతె చదవబట్టి ఆగింది. మరి నేను చదవని రోజు?

ఆ ప్రశ్న అప్పుడే గట్టిగా పట్టుకోవలసింది. పట్టుకోలేదు.

మామూలే

మా చర్చిలో ఆడవాళ్ళ కూడికలో వాక్యం చదివేటప్పుడు ఒక అలవాటుంది. పేర్ల పట్టీ వస్తుంది, ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను, వాడు ఇంకొకణ్ణి కనెను అని. నోరు తిరగని పేర్లు. రెండు చదివి, 'అలాగే మిగతావారు' అని కిందికి దిగిపోతాం. పాస్టరమ్మ కూడా ఏమీ అనదు. దేవుడికి తెలియని పేర్లా అవి.

ఆ అలవాటు నేను ఈ పనిలోకి తెచ్చాను. ప్రోగ్రాములో కూడా అలాంటి పట్టీలే ఉంటాయి. పని మధ్యలో చెడితే వెనక్కి రావడానికి దారులు రాస్తారు. ఇక్కడ చెడితే ఇది వదిలెయ్యి, అక్కడ చెడితే అది వదిలెయ్యి. అన్నీ అక్కచెల్లెళ్ళలా ఒకే ముఖంతో ఉంటాయి. మొదట్లో అన్నీ చదివాను. మూడో ఏడో నాలుగో ఏడో, ఎప్పుడో తెలియదు, ఒకటి చదివి మిగతావాటికి 'మామూలే' అనడం మొదలుపెట్టాను. శామ్యూలు 'ఊఁ' అనేవాడు. 'మామూలే అంటే ఏంది, చదువు' అని ఒక్కసారి అన్నా నేను మానేసేదాన్ని. ఆయన నన్ను నమ్మాడు. ఆపైన ఆయనకు కిడ్నీలు చెడ్డాయి. వారానికి మూడురోజులు నెల్లూరుకు పోయి రక్తం శుద్ధి చేయించుకోవాలి. వచ్చినరోజు మాట్లాడే ఓపిక కూడా ఉండేది కాదు.

అలాంటి ఒకరోజు మధ్యాహ్నం మా పైఅధికారి శ్రీనివాసన్ గారు ఫోన్ చేశారు. చెన్నై అరవాయన, తెలుగు బాగానే మాట్లాడతారు. మంచివాడే. కానీ ఆయనకు తొందర అనే జబ్బుంది. ఆ జబ్బు పైనుంచి కిందికి అంటుకుంటుంది.

"శామ్యూల్, హేమలత రాసింది ఒకటి పంపినాను. చిన్న మార్పే. సాయంత్రం లోపల కావాల. కొత్త వర్షన్ పెట్టెల్లోకి పోతాది."

చిన్న మార్పు అన్నమాట వింటే పారిపోండి. పెద్ద మార్పును అందరూ కళ్ళు విప్పుకుని చూస్తారు. చిన్నదాన్ని ఎవరూ చూడరు.

హేమలత మార్పు ఇది. పది చోట్లున్న ఎక్స్‌టెంటులో మధ్యలో మూడింటిని మార్చి రాస్తే, పాతది మూడు ముక్కలవుతుంది. ముందు ముక్క పాతచోటే ఉంటుంది, మధ్యది కొత్తచోటికి పోతుంది, వెనక ముక్క పాతచోటే ఉంటుంది. ఉండిపోయిన ముక్కలకు అంకె పెంచాలి. పని సగంలో చెడితే పెంచినదాన్ని తగ్గించి వెనక్కి రావాలి. అందుకు ఆమె మూడు దారులు రాసింది. మొదటిది చదివాను. రెండోది సగం చదివాను. మూడోది ఏడు వరుసలుంది.

"మూడోది కూడా మామూలే," అన్నాను.

"ఊఁ. పెట్టేయ్."

'చూశాను' అని ఆయన పేరు నేనే కొట్టాను. రెండు నెలల తర్వాత శామ్యూలు పోయాడు.

నా నోటికి తెలియని వరుసలు

శామ్యూలు పోయిన పదహారోరోజున శ్రీనివాసన్ గారు ఫోన్ చేశారు.

"అమ్మా, ఇన్ని ఏళ్ళు ఫోన్లో నీ గొంతు వింటానే ఉన్నాను. నీవు తట్టుకున్న చోటే అతను పట్టుకునేవాడు. ఇకమీద నీవే చూడు. ఆ నాలుగు ఫైళ్ళు మాత్రమే. వేరే ఏదీ నీకు ఇయ్యను."

"నాకేం తెలుసు సార్?"

"నీకు తెలీదని నీకు తెలుసు. ఇక్కడ దానికే కరువు."

హేమలత అప్పట్లో ఆయనతో పోట్లాడిందట, 'ఐదో క్లాసు ఆమె చేత నా కోడు దిద్దిస్తారా' అని. ఇప్పుడు ఈ మాట రాస్తూ నవ్వుతోంది. నవ్వనీ. నేనైనా అదే అడిగేదాన్ని.

వినే మనిషి లేకపోయినా గట్టిగానే చదివేదాన్ని. నాకు మనసులో చదువుకోవడం రాదు. చెప్పడానికి ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి 'మామూలే' అనే మాట దానంతటదే పోయింది. నాకు తెలియకుండానే అన్నీ చదువుతున్నాను.

ఒకరోజు పొద్దున హేమలత ఇంకో మార్పు పంపింది. మార్పు పంపేటప్పుడు దాని చుట్టూ ఉన్న పాత వరుసలు కూడా కాస్త కనిపిస్తాయి, ఎక్కడ మార్చారో తెలియడానికి. ఆ పాత వరుసలు చదువుతుంటే నాలుక ఆగింది. తప్పు వల్ల కాదు. ఆ వరుసలు నా నోటికి కొత్త. ఆ నాలుగు ఫైళ్ళలో నా నోటిలోంచి పోని వరుస ఉండకూడదు. ఇది ఎప్పుడు వచ్చింది, ఎవరు చూశారు అని వెతికితే, కింద శామ్యూలు పేరుంది.

మూడో దారి. ఏడు వరుసలు.

చింతగింజలు తెచ్చి నేలమీద పోసుకున్నాను. అంకె పెంచినప్పుడల్లా ఒక గింజ పెట్టి, తగ్గించినప్పుడల్లా ఒకటి తీస్తూ, ఆ ఏడు వరుసలూ చదివాను. మార్పు ఎక్స్‌టెంటు చివరిదాకా పోతే వెనక ముక్క అనేదే ఉండదు. లేని ముక్కకు ఎవరూ అంకె పెంచరు. అయినా ఆ దారిలో వెనక ముక్క పేరుమీద ఒకటి తగ్గిస్తోంది. ఒక గింజ తక్కువ పడింది. నా చదువేమోనని మళ్ళీ పెట్టాను. మళ్ళీ తక్కువే. మూడోసారి సగంలోనే గింజలు పక్కకు తోసేశాను. లెక్కపెట్టనక్కర్లేకుండానే తెలిసిపోయింది.

అది ఎప్పుడో గానీ జరగదు. పెట్టె నిండిపోవస్తున్నప్పుడు, రాయడానికి చోటు దొరక్క పని సగంలో చెడితేనే ఆ దారిలోకి పోతుంది. పరీక్షలు నిండిన పెట్టె మీద నడపరు. కానీ స్కానింగ్ సెంటర్ల పెట్టెలు ఎప్పుడూ నిండే ఉంటాయి. వాళ్ళు ఏదీ పారెయ్యరు. మూడేళ్ళ కిందటి స్కానింగుతో ఇప్పటిది పోల్చి గడ్డ పెరిగిందా లేదా అని డాక్టరు చెప్పాలి కదా.

ఒకటిన్నర రోజు ఎవరికీ చెప్పలేదు. ఇది దాచకూడదు. పని ఎలా ఉంటుందో తెలియాలంటే ఇదీ తెలియాలి. చేపల కూర పొయ్యి మీద మాడింది. ఫోను మోగినా తియ్యలేదు. పెట్టెలు గుర్తొచ్చేవి, వాటికంటే ముందు ఆయన పేరు గుర్తొచ్చేది. ఆయన నాకు ఇల్లు కట్టివ్వలేదు, పొలం కొనలేదు. దేశదేశాల్లో ఎవరెవరో, 'శామ్యూలు చూశాడంటే ఇక చూడనక్కర్లేదు' అనేవాళ్ళు. నాకు మిగిలింది ఆ ఒక్క మాట. దాన్ని నేనే తీసుకుపోయి అబద్ధమని చెప్పాలా?

ఒక దొంగదారి కూడా కనపడింది. హేమలత పంపిన కొత్త మార్పు నా చేతిలోనే ఉంది. 'అదే చోట ఈ వరుస కూడా ఇలా మార్చమ్మా' అంటే మార్చేస్తుంది. ఎందుకని అడిగితే 'చూడ్డానికి బాగుంటుంది' అనొచ్చు. తప్పు పోతుంది, ఆయన పేరు నిలబడుతుంది, ఎవరికీ తెలియదు. ఫోను చేతిలోకి తీసుకుని హేమలత నంబరు నొక్కాను కూడా.

"ఏందక్కా, నా దాంట్లో మళ్ళా ఏమన్నా పట్టినావా? ఈసారి పట్టలేవులే, పదిసార్లు చూసుకున్నా."

"హేమా, పాత వర్షను ఎన్ని పెట్టెల్లో ఉండాది?"

"ఏ పాతది? శామ్యూలన్న చూసిందా? ఒక్క స్కానింగ్ సెంటరు పెట్టెలోనే. వాయిదాలు పడి పడి, పోయి మూడు వారాలైంది. మిగతావి వచ్చే వారం. ఎందుకక్కా?"

మూడు వారాలుగా నిండిన పెట్టెలో నడుస్తోంది. దొంగదారిలో సరిచేస్తే ఇకమీద పోయేవి ఆగుతాయి. ఇప్పటికే పోయినవాటిని ఎవరూ వెతకరు.

"నీ మూడో దారిలో ఒకటి ఎక్కువ తగ్గిస్తన్నావు. వెనక ముక్క లేనప్పుడు."

అటువైపు కీబోర్డు చప్పుడు. 

"అక్కా... అన్న చూసినాడు గదా ఇది."

"అన్నకి కళ్ళు యాడున్నాయమ్మా చూడ్డానికి? చదివింది నేను. ఆ ఏడు వరుసలు నేను చదవలా. మామూలే అన్నా."

హేమలత ఏడ్చింది. నేను ఏడవలేదు. శ్రీనివాసన్ గారికి చెప్పమన్నాను.

చచ్చినవాడి నెత్తిన

ఆ సెంటరు పెట్టెను అదేరోజు ఆపించి, లోపలున్న ప్రతి ఫైలునీ సరిచూసే పని పెట్టారు. మర్నాడు పొద్దున మొదలైతే సాయంత్రానికి అయింది. అంతసేపూ హేమలత ఫోను పెట్టెయ్యలేదు, నేనూ పెట్టెయ్యలేదు. ఇద్దరం మాట్లాడుకున్నదీ లేదు. మధ్యాహ్నం ఒకసారి కరెంటు పోయి మా గుంటల చక్రాల చప్పుడు ఆగితే, జనరేటరు పడేలోపే, ఫోనే తెగిపోయిందనుకుని కేక పెట్టాను.

రెండు ఫైళ్ళు పాడయ్యాయి. రెండూ పాత స్కానింగులే. ఒకదానికి వేరే చోట నకలు దొరికింది. రెండోదానికి దొరకలేదు. ఎవరో ఒకావిడది. ఆవిడను పిలిచి మళ్ళీ స్కానింగ్ తీశారట. కొత్తది వచ్చింది గానీ పోల్చడానికి పాతది లేదు. అప్పటికి ఎంతుండేదో, ఇప్పుడు పెరిగిందో లేదో డాక్టరు చెప్పలేడు. ఆరు నెలలు ఆగి చూడాలి.

"ఆమె పేరేంది సార్?" అని శ్రీనివాసన్ గారిని అడిగాను.

"తెలిసి ఏం చేస్తావమ్మా?"

ఏం చేస్తానో నాకూ తెలియదు. ఆయన చెప్పలేదు. ఆవిడకు ఏమైందో ఇప్పటికీ నాకు తెలియదు. చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు పేరులేని మనిషి కోసం చెయ్యాల్సి వస్తోంది.

తప్పు సరిచేసి అందరికీ ఉత్తరం పంపాలి. తప్పు ఎలా దాటిపోయిందో కూడా అందులో రాయాలి. శ్రీనివాసన్ గారు మెల్లగా అన్నారు.

"అమ్మా, ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. శామ్యూల్ ఆరోగ్యం బాగలేదు, అందువల్ల పొరపాటు జరిగింది అని రాస్తాము. అందరికీ అర్థం అవుతాది. అతన్ని ఎవరూ తప్పు పట్టరు. నీ పేరు రాసినామంటే నీకు ఈ పని ఉండదు."

"చచ్చినోడి నెత్తిన పెట్టి నేను జీతం తినాలా సార్?"

"నీ మంచికే చెప్పినాను."

"నా మంచి సంగతి నేను చూసుకుంటా. నేను చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో పెట్టమనండి హేమలతని."

ఇలా చెప్పాను: ఈ మార్పును చూసిన శామ్యూలుకు చూపు లేదు. ఆయన భార్య సుగుణమ్మ చదివి వినిపించేది. మూడో దారి ఏడు వరుసలు ఆమె చదవకుండా, మునుపటిలాగే ఉన్నాయని చెప్పింది. ఆయన విన్నదాంట్లో తప్పు లేదు.

హేమలత టైపు చేసి, తన సంగతి కూడా ఒక వాక్యం కలిపింది, నిండిన పెట్టె మీద పరీక్ష నడపలేదని. నేను అడగలేదు. ఆమెను నేను మనిషిగా లెక్కపెట్టడం ఆరోజు నుంచే.

జవాబులు వచ్చాయి. ఇద్దరు ముగ్గురు శామ్యూలును తలుచుకుని మంచిమాటలు రాశారు. ఒకాయన ఎవరో, నేను పేరు కూడా విననివాడు, ఒకే ఒక్క వాక్యం రాశాడు. హేమలత తెలుగులో చెప్పడానికి వెనకాడింది.

"చెప్పుమే."

"ఇలా చదివించుకుని చూసిన మార్పులు ఇంకా ఎన్ని ఉన్నాయి అని అడగతన్నాడక్కా."

నేను ఒక్క ఏడు వరుసల గురించే భయపడుతూ వచ్చాను. ఆయన చూపు పోయిన రోజునుంచి పోయే రోజుదాకా తొమ్మిదేళ్ళు. వందల మార్పులు. ఎన్నిటిలో 'మామూలే' అన్నానో నాకెలా గుర్తుంటుంది? ఆయన ప్రతి 'చూశాను' కిందా నా నోరే ఉంది.

తొమ్మిదేళ్ళవి

నన్ను పనిలోంచి తియ్యలేదు. ఎందుకు తియ్యలేదో శ్రీనివాసన్ గారు చెప్పలేదు. నేను అడిగింది ఒక్కటే, "ఆయన చూసినవన్నీ మళ్ళా చదువుతా సార్, మొదటి వరుస నుంచి." "ఎంత కాలం పడతాది?" "తెలీదు." "చదువు."

నాలుగేళ్ళు పట్టింది. రోజుకు నాలుగైదు గంటలు, పైకి, బ్రాకెట్లతో సహా. నా గొంతు పోయింది అందులోనే. డాక్టరు మాట్లాడొద్దన్నాడు. నెల ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. ఇందులో గొప్పేమీ లేదు. అప్పుడు చదవాల్సింది ఇప్పుడు చదివాను.

కొత్తగా వచ్చేవాళ్ళకు ఈ నాలుగేళ్ళలో నేను తెలుసుకున్నది చెబుతాను. తప్పు ఎప్పుడూ కొత్తగా, వింతగా ఉన్నచోట దొరకదు. అక్కడ రాసినవాడికీ భయమే, చూసేవాడికీ భయమే, ఇద్దరూ జాగ్రత్తగా ఉంటారు. ఇంతకుముందు చూసిన ముఖంలా ఉన్నచోట ఉంటుంది. పని చెడినప్పుడు వెనక్కి వచ్చే దారులు ముందు చదవండి, పని జరిగే దారి తర్వాత. రాసినవాడు ఎంత గొప్పవాడో చూడొద్దు. పైవాడు తొందరపెడితే, 'సాయంత్రానికి కాదు' అని చెప్పడం నేర్చుకోండి. ఆ ఒక్కమాట శామ్యూలుకూ రాలేదు, నాకూ రాలేదు. ఇక భయం పోయిందంటే ఈ పని మానేసి వేరేది చూసుకోండి. ధైర్యంగా చూసేవాళ్ళు నేను చూసినంతలో ఎవరూ బాగా చూడలేదు.

తొమ్మిదేళ్ళవాటిలో ఇంకో రెండు తప్పులు దొరికాయి. ఒకటి ఎవరికీ హాని చెయ్యనిది, చోటు వృథా అయ్యేది. రెండోది చెయ్యగలదే గానీ చెయ్యలేదు, సమయానికి ఆపాం. చివరి మార్పు చదవడం అయిన మధ్యాహ్నం హేమలతకు ఫోన్ చేసి, ఆ ప్రశ్న అడిగినాయనకు జవాబు రాయమన్నాను. నాలుగేళ్ళ కిందటి ప్రశ్నకు ఇప్పుడు జవాబెందుకని ఆమె అడగలేదు.

"ఏం రాయమంటావక్కా?"

"అన్నీ మళ్ళా చదివినాము. రెండు దొరికినాయి, సరిచేసినాము. దొరకనివి ఎన్నున్నాయో మాకు తెలీదు. అంతే రాయి."

పంపేముందు శ్రీనివాసన్ గారు చూశారు. ఆయనే ఫోన్ చేశారు.

"ఆ చివరి వాక్యం తీసేద్దాం అమ్మా. నాలుగేళ్ళు కష్టపడినావు. శామ్యూల్ పేరు నిలబెట్టినావు. ఆ వాక్యం ఉంటే మళ్ళీ అనుమానం వస్తాది."

"రావాల సార్. నేను చదివినాను గానీ, నేను పట్టుకోలేనిది అందులో లేదని ఎట్టా చెప్పేది? అది తీసేస్తే మళ్ళా చూడకుండా చూశానన్నట్టే."

ఆయన ఆ వాక్యాన్ని ఫోన్లోనే మళ్ళీ పైకి చదువుకున్నారు.

"సరే, ఉండనీ," అన్నారు.

హేమలత పంపింది. కింద శామ్యూలు పేరూ, నా పేరూ, రెండూ పెట్టమన్నాను.